సెకండ్ హ్యాండ్ అడ్జస్టబుల్ షాక్స్ కొంటున్నారా..? డబ్బులు ఇచ్చే ముందు ఈ పది నిమిషాల చెక్ తప్పదు!

చిల్లకల్లు టోల్ ప్లాజా దాటి నందిగామ వైపు వెళ్తుంటే 65వ నంబర్ జాతీయ రహదారి మీద కారు ఈజీగా వంద అందుకుంటుంది. ఆ స్పీడ్‌లో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు వెళ్తుంది. అంటే కన్ను మూసి తెరిచేలోపే సిమెంట్ లారీ వెనకాల ఉంటాం. అప్పుడు బ్రేక్ మీద కాలు వేస్తే టైరు రోడ్డును వదలకుండా పట్టుకోవాలి. ఆ పని చేసేది షాక్ అబ్జార్బర్లే. మన మెకానిక్ షాపుల్లో షాకర్లు అన్నా ఇవే.

పోలో జీటీ, స్విఫ్ట్, ఆక్టావియా లాంటి కార్లను స్పోర్ట్స్ కారులా మార్చుకోవాలనే కుర్రాళ్లు ముందుగా వెతికేది అడ్జస్టబుల్ షాక్స్ కోసమే. కోనీ, బిల్‌స్టీన్, ఓలిన్స్, టీన్ లాంటి కంపెనీల కొత్త సెట్ ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే చాలామంది విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లోనో, ఆన్‌లైన్‌లోనో పాత సెట్ చూస్తుంటారు. మంచి సెట్ దొరికితే లాభమే. కానీ పైన మెరుస్తూ లోపల చచ్చిపోయిన సెట్ తగిలితే డబ్బులతో పాటు ప్రాణానికీ రిస్కే. మరి ఏం చూడాలి? బిగించాక తేడా వస్తే ఎలా కనిపెట్టాలి? తెలుసుకుందాం..

అడ్జస్టబుల్ అంటే ఏంటి?

కారు బరువును మోసేది స్ప్రింగ్. గుంతలో పడి లేచాక ఆ స్ప్రింగ్ ఊగుతూనే ఉండకుండా ఆపేది షాక్. లోపల ఆయిల్ ఉంటుంది. రాడ్ కదిలినప్పుడు ఆ ఆయిల్ సన్నటి దారుల గుండా వెళ్లాలి. ఆ దారిని చిన్నది చేస్తే షాక్ గట్టిపడుతుంది, పెద్దది చేస్తే మెత్తబడుతుంది. నాబ్ తిప్పితే జరిగేది ఇంతే.

చాలా రకాల్లో నాబ్ మార్చేది రీబౌండ్‌ను మాత్రమే.. అంటే రాడ్ బయటికి వచ్చేటప్పుడు ఉండే పట్టును. ఖరీదైన వాటిలో లోపలికి నొక్కుకునే పట్టుకు వేరే నాబ్ ఉంటుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. డంపింగ్ నాబ్ తిప్పితే కారు ఎత్తు పెరగదు, ఎక్కువ బరువూ మోయదు. కారు కిందికి దిగిపోయిందంటే ముందు చూడాల్సింది స్ప్రింగ్‌ను. కాయిలోవర్లలో ఎత్తు మార్చే రింగు వేరుగా ఉంటుంది.

కొనే ముందు చేతితో చేసే టెస్ట్

కారు మీద ఉన్న షాక్‌ను చూసి డబ్బులు ఇవ్వొద్దు. విప్పి, స్ప్రింగ్ తీసి చేతికి ఇమ్మనండి. ఆ తర్వాత వరుసగా ఇవి చూడండి.

1. పార్ట్ నంబర్: షాక్ బాడీ మీద ఉన్న నంబర్ మీ కారు మోడల్‌కు, ఇంజిన్‌కు సరిపోతుందో లేదో కంపెనీ క్యాటలాగ్‌లో చూసుకోండి. బోల్టు రంధ్రాలు కలిసినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. డీజిల్ కారు ముందు భాగం సాధారణంగా బరువు ఎక్కువ. ఏబీఎస్ వైరు, బ్రేక్ పైపు క్లిప్పులు ఎడమకు, కుడికి వేరుగా ఉంటాయి.

2. రాడ్: మెరిసే క్రోమ్ రాడ్ మీద గోటితో పైనుంచి కిందికి గీయండి. గోరు ఎక్కడైనా ఆగితే అక్కడ గుంతో, తుప్పో ఉన్నట్టు. అది కొత్త ఆయిల్ సీల్‌ను కూడా కోసేస్తుంది. రాడ్ వంగి ఉంటే బేరమే వద్దు.

3. లీకు: సీల్ చుట్టూ సన్నటి తేమ ఉంటే కంగారు పడక్కర్లేదు. ఆయిల్ కిందికి కారి, దాని మీద మట్టి పేరుకుంటే మాత్రం సీల్ పోయినట్టే. బాడీకి కొత్తగా పెయింట్ కొట్టి ఉంటే ఇంకా అనుమానంగా చూడండి.

4. నొక్కి లాగండి: షాక్‌ను నిలువుగా పట్టుకుని ఐదారుసార్లు పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగండి. చాలాకాలం పడుకోబెట్టిన ట్విన్‌ట్యూబ్ షాక్‌లో గాలి బుడగలు చేరతాయి, ఇలా చేస్తే సర్దుకుంటాయి. అప్పటికీ మధ్యలో ఎక్కడైనా పట్టు లేకుండా జారిపోతే లోపల ఆయిల్ తగ్గిందనో, వాల్వ్ పోయిందనో అర్థం.

5. నాబ్ పనిచేస్తోందా?: పూర్తి మెత్తగా పెట్టి ఒకసారి లాగండి. పూర్తి గట్టిగా పెట్టి మళ్లీ లాగండి. తేడా చేతికి తెలియాలి. నాబ్ తిరుగుతోంది కానీ తేడా లేదంటే అడ్జస్టర్ విరిగినట్టే. బిగుసుకుపోతే పట్టకారుతో బలవంతం చేయొద్దు.

6. జతలో తేడా: ఎడమ, కుడి షాక్‌లకు ఒకే సెట్టింగ్ పెట్టి పోల్చండి. ఒకటి తేలిగ్గా, ఇంకోటి గట్టిగా ఉంటే కొనొద్దు. విడిగా ఒక్క షాక్ కొనడం అస్సలు వద్దు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. నొక్కి వదిలితే రాడ్ తనంతట తాను పైకి రాలేదంటే షాక్ పోయిందనుకుంటారు. గ్యాస్ షాక్ అయితే అది నిజమే, గ్యాస్ పోయినట్టే. కానీ గ్యాస్ లేని ఆయిల్ షాక్స్‌లో రాడ్ పైకి రాకపోవడం మామూలే. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకున్నాకే తీర్పు చెప్పండి.

వరదలో మునిగిన సరుకేమో చూడండి

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు మునిగాయి. కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అదే సమయంలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. అలా మునిగిన బండి నుంచి తీసిన షాక్ బయటికి బాగానే కనిపించొచ్చు. డస్ట్ బూట్ పైకి జరిపి చూడండి. లోపల సన్నటి బురద, బుష్ ఇనుప గొట్టంలో తుప్పు, కాయిలోవర్ మరల్లో గట్టిపడిన మట్టి కనిపిస్తే పక్కన పెట్టేయండి.

బిగించాక తేడా వస్తే..

స్పీడ్ బ్రేకర్ మీద టక్ టక్ శబ్దం: షాక్ కంటే ముందు టాప్ మౌంట్, బుష్‌లు, రాడ్ పై నట్టు చూడండి. తప్పు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. రబ్బరు బుష్ బోల్టులను కారు జాకీ మీద వేలాడుతుండగా ఫైనల్ టైట్ చేయకూడదు. చక్రాలు నేల మీద ఆనాకే చేయాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరిగిపోతుంది.

గుంత దాటాక కారు రెండు మూడుసార్లు ఊగడం: రీబౌండ్ పట్టు చాలట్లేదు. రెండు వైపులా ఒక్కో క్లిక్ చొప్పున పెంచండి. చివరిదాకా పెంచినా మార్పు లేదంటే షాక్ అయిపోయినట్టే.

వరుస గుంతల మీద కారు అంతకంతకూ బండలా మారడం: మెత్తగా ఉందని ఇంకా గట్టిగా తిప్పేస్తారు కొందరు. అసలు సంగతి రివర్స్. రీబౌండ్ మరీ గట్టిగా ఉంటే స్ప్రింగ్ తిరిగి సాగేలోపే ఇంకో గుంత వస్తుంది. కారు కిందికి కూరుకుపోయి బంప్ స్టాపర్ల మీద కూర్చుంటుంది. సెట్టింగ్ తగ్గించి చూడండి.

వానలో వెనక భాగం జారడం: వెనక షాక్స్ మరీ గట్టిగా ఉంటే ఇలా జరుగుతుంది. ఇది ప్రమాదకరం. వెంటనే తగ్గించండి.

కారు ఒక పక్కకు లాగడం: ఎడమ, కుడి క్లిక్‌లు సమానమో కాదో లెక్కపెట్టండి. స్ట్రట్ విప్పిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. అది మర్చిపోయి షాక్‌ను తిట్టుకోవద్దు.

సెట్టింగ్ ఎలా మొదలుపెట్టాలి?

పూర్తి మెత్తగా పెట్టి మొదలుపెట్టండి. తెలిసిన రోడ్డు మీద, తెలిసిన స్పీడ్‌లో తిప్పి చూసి, ఊగడం ఆగేవరకు కొద్దికొద్దిగా పెంచండి. ఎన్ని క్లిక్‌లు పెట్టారో ఫోన్‌లో రాసుకోండి. కోనీ పాత రకాల్లో నాబ్ ఉండదు. షాక్ విప్పి, రాడ్‌ను పూర్తిగా లోపలికి నొక్కి, మెల్లగా తిప్పితే అడుగున ఉన్న అడ్జస్టర్‌కు తగులుకుంటుంది. తిప్పడం అయ్యాక రాడ్‌ను మెలి పెట్టకుండా నేరుగా ఒక సెంటీమీటరైనా పైకి లాగి విడిపించాలి.

ఈ పనులు మాత్రం చేయొద్దు

స్ట్రట్ పై నట్టు విప్పితే లోపల నొక్కి ఉన్న స్ప్రింగ్ బుల్లెట్‌లా ఎగురుతుంది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ముట్టుకోవద్దు. మోనోట్యూబ్ షాక్ లోపల గ్యాస్ ఒత్తిడి కారు టైరు కంటే పది రెట్లు ఉండొచ్చు. దానికి వెల్డింగ్ పెట్టడం, డ్రిల్ కొట్టడం, మంట చూపించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రాడ్‌ను పట్టకారుతో పట్టుకుంటే పడిన గీత సీల్‌ను తినేస్తుంది. స్ప్రింగ్ కోసి కారును కిందికి దించడమూ వద్దు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి కారు ఎత్తు మారేలా కాయిలోవర్లు వేసే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. లేదంటే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

చివరిగా బేరం లెక్క.. పాత సెట్ ధరకు సీల్ కిట్, బుష్‌లు, టాప్ మౌంట్లు, లేబర్, అలైన్‌మెంట్ ఖర్చు కలపండి. మొత్తం కొత్త సెట్ ధరకు దగ్గరగా వస్తే కొత్తదే కొనండి. మీ బండి రోజూ ఇంటిల్లిపాదినీ మోసేదైతే, కంపెనీ రకం కొత్త మామూలు షాక్స్ వేయించుకోవడమే బెటర్. అరిగిపోయిన ఖరీదైన షాక్ కంటే కొత్త మామూలు షాక్ బ్రేక్ వేసినప్పుడు మిమ్మల్ని బాగా కాపాడుతుంది.