కోరంగి మడ అడవులు: గ్యాస్ బావుల పక్కన చిత్తడి నేల.. కాపాడేది ఎలా?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నీళ్లు లేకపోవడమే కష్టం. రాష్ట్రానికి ఆ చివర, గోదావరి సముద్రంలో కలిసే చోట కథ వేరు. అక్కడ నీళ్లకు కొదవ లేదు, ఆ నీళ్లలోకి ఏం కలుస్తోందన్నదే భయం. కాకినాడ పక్కనున్న కోరంగి అభయారణ్యం చుట్టూ దేశంలోనే ముఖ్యమైన చమురు, సహజవాయు నిక్షేపాలు ఉన్నాయి. కేజీ బేసిన్ అంటే ఇదే.

కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల వంటి చెట్లు ఉప్పునీటి బురదలో పెరుగుతాయి. ఈ అడవికి పేరు తెచ్చిన జంతువు బావురు పిల్లి. నీళ్లలో దిగి చేపలు పట్టే ఈ పిల్లులు వందకు పైగా ఉంటాయని 2018లో అంచనా వేశారు. నీటికుక్కలు, శీతాకాలంలో వచ్చే వలస పక్షులు సరేసరి. ఎదురుగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పీత, రొయ్య, చేప పిల్లలు మడ వేర్ల మధ్యే పెరిగి పెద్దవవుతాయి కాబట్టి మత్స్యకారుల వల నిండాలన్నా ఈ అడవి ఉండాల్సిందే.

ఇక గ్యాస్ సంగతి. రిలయన్స్ 2002లో కనుగొన్న కేజీ-డీ6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. సముద్రం నుంచి పైపుల్లో వచ్చే ఆ గ్యాస్ ఒడ్డుకు చేరేది తాళ్లరేవు మండలం గాడిమొగ దగ్గర. మడ అడవికి అది పొరుగూరే. కోనసీమలో ఎస్.యానాం దగ్గర రవ్వ క్షేత్రం టెర్మినల్, ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ ఉన్నాయి. ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో తొలి చమురు కూడా వచ్చింది. అంటే ఈ తీరంలో ఆయిల్ కంపెనీల పని తగ్గేది కాదు, పెరిగేదే.

ప్రమాదం ఊహ కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగి 65 రోజుల పాటు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రెండూ కొబ్బరి తోటలు, ఇళ్ల మధ్య జరిగాయి. అలాంటిదే క్రీకుల్లో జరిగి చమురు పారితే? మడ చెట్టుకు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేర్లు ఉంటాయి. గాలి పీల్చేది వాటితోనే. వాటికి చమురు పూత పడితే చెట్టుకు ఊపిరాడదు. ఇసుక బీచ్‌ను కడిగినట్టు మడ బురదను కడగడం కుదరదు, మనుషులు దిగి తొక్కితే చమురు ఇంకా లోపలికి పోతుంది. అందుకే మిగతా తీరం సంగతి ఎలా ఉన్నా, ఇక్కడ చమురు క్రీకులోకి రాకముందే అడ్డుకోవాలి.

రోజువారీ ఇబ్బందులు వేరే ఉన్నాయి. గుడ్డులోంచి బయటికొచ్చిన తాబేలు పిల్ల వెలుతురు ఎటుంటే అటు పాకుతుంది. సముద్రం మీద వెన్నెల మెరుపు దానికి దారి. ఒడ్డున ఫ్లడ్‌లైట్లు, గ్యాస్ మంటలు ఉంటే దారి తప్పుతుంది. లైట్లకు మూత వేయడం, గుడ్లు పొదిగే నెలల్లో తగ్గించడం పెద్ద ఖర్చు పని కాదు.

అయితే తప్పంతా చమురు మీదే నెట్టేస్తే లెక్క తప్పినట్టే. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కాకినాడ రేవు, ఎరువుల ఫ్యాక్టరీలు, వేసవిలో ధవళేశ్వరం దాటి కిందికి తగ్గిపోయే మంచినీరు.. అన్నీ కలిసే ఈ అడవి మీద పడుతున్నాయి. 2020లో కాకినాడలో ఇళ్ల స్థలాల కోసం మడ నరికిన వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అందుకే కేంద్రం, యూఎన్‌డీపీ, జీఈఎఫ్ కలిసి 2010 దశకంలో నడిపిన ప్రాజెక్టు, దానితో పుట్టిన ఈగ్రీ ఫౌండేషన్ పరిశ్రమలను పొమ్మనలేదు. కంపెనీలు, రేవు, మత్స్యకారులు, అటవీశాఖను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడమే వాటి పద్ధతి.

చెట్లు పెంచే పని అంతకుముందే మొదలైంది. అలలు చేరక ఉప్పు పేరుకున్న చోట మొక్క నాటినా బతకదు. ఎంఎస్ స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోటు నీటిని లోపలికి రప్పించారు. ఉప్పు కడుక్కుపోయింది, మడ లేచింది.

చట్టం మాటకొస్తే, అభయారణ్యంలో అటవీయేతర పనులకు జాతీయ వన్యప్రాణి బోర్డు అనుమతి కావాలి. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ చుట్టూ 50 మీటర్ల బఫర్ వదలాలి. కానీ 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాస్ అన్వేషణ తవ్వకాలను బీ2 కేటగిరీకి మార్చింది. బీ2 అంటే పర్యావరణ ప్రభావ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి దశకు మాత్రం పాత నిబంధనే. బావి ఎక్కడ పడుతుందో తేలే తొలి దశలోనే ఊరివాళ్ల నోరు కట్టేయడం ఈ మార్పులో పెద్ద లోటు.

ఇంకో తిరకాసు ఉంది. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీరు, తాగునీటి కోసం మనుషులు కట్టినవాటికి వర్తించవు. అంటే ఎమ్మిగనూరు దగ్గరి గాజులదిన్నె ప్రాజెక్టు గానీ, ఆదోనికి నీళ్లిచ్చే బసాపురం ఎస్ఎస్ ట్యాంకు గానీ ఆ లెక్కలోకి రావు, ఎన్ని పక్షులు వాలినా సరే. కోరంగికి కనీసం వన్యప్రాణి చట్టం, సీఆర్‌జెడ్ అండ ఉన్నాయి.