నాయన భూమి, అమ్మ పేరు

హాస్టల్లో చేరిన మొదటి రోజే నా పేరు పోయింది. "ఏయ్ కోయదానా" అన్నారు. తరగతిలో మేం ముగ్గురమే. నేను మాట్లాడితే మిగతా అందరూ నవ్వేవాళ్లు. తక్కువమంది కావడమంటే ఏమిటో ఆ ఏడే తెలిసింది. సెలవులకు ఊరికొస్తే ప్రాణం లేచొచ్చేది, అందరం కోయలమే కదా అని. అక్కడా నాకు ఒక లెక్క తక్కువేనని నాయన పోయాకే తెలిసింది.

మన్యం భూములు చేతులు మారకూడదని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. షావుకార్లు దాన్ని దాటేశారు. 1959లో మరో రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని సవరించారు. అదే మనమంతా చెప్పుకునే 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనకూడదు. అతని చేతిలో ఉన్న భూమి ఆదివాసీదేనని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసింది అతనే. ఈ చట్టం లేకపోతే మాకు ఊరే మిగిలేది కాదు.

అయితే ఆదివాసీ ఇంట్లో ఆ భూమి ఎవరిదో 1/70 చెప్పదు. 1956 హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. పంపకం ఆచారం ప్రకారమే. మా ఊళ్లో ఆచారమంటే అన్నదమ్ములు.

నేను వాటా అడిగాను. "నీకిస్తే రేపు బయటోడు నిన్ను చేసుకుని దున్నుకుంటడు బిడ్డా. ఈ మాట బయట అనకు" అన్నాడు పెద్దమనిషి. ఆ భయం ఉత్తది కాదు. మా ఆడపిల్లలను చేసుకుని, వాళ్ల పేరున భూములు నడిపించేవాళ్లు ఉన్నారు. కానీ బినామీగా వేలిముద్ర వేసిన మగవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాటా ఎవరూ తీసెయ్యలేదు.

2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలంది. అట్లా మా అమ్మ పేరు మొదటిసారి ఒక భూమి కాగితం మీదికెక్కింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, అడ్డుచెప్పే ఆచారం రుజువు కానప్పుడు ఆడబిడ్డకూ సమాన వాటా ఉందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

పట్టా అమ్మడానికి లేదు, వారసులకు మాత్రం వస్తుంది. ఏ వారసులకు? వచ్చే భూమి పండగకు ఊరంతా కూడినప్పుడు అడుగుతాను. కోర్టుకు పోకముందే నా వాళ్ల నోట జవాబు వినాలని ఉంది.