పడవ నడవని నది ఎవరిది? నౌకాయోగ్యతా సూత్రం – పుత్తూరు ప్రాంత నదులు

నదీగర్భం ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఇంగ్లండు సామాన్య న్యాయం ఆటుపోట్లను ప్రమాణంగా గ్రహించింది. అమెరికా సుప్రీంకోర్టు 1871లో ‘డేనియల్ బాల్’ అనే ఆవిరి పడవ వ్యాజ్యంలో, సహజస్థితిలో వర్తక రవాణాకు ఉపయోగపడుతున్న లేదా ఉపయోగపడగల నదియే నౌకాయోగ్యమని నిర్వచించింది. నదీగర్భపు యాజమాన్యానికి సైతం తరువాత అదే కొలమానమైంది.

పుత్తూరు పరిసరాలలోని అరుణానదికి, కుశస్థలికి ఈ కొలమానం అన్వయించదు. వానకారులో పారి, ఏడాదిలో అధికభాగం ఇసుకమేటలుగా మిగిలే ఈ ఏరులకు విలువ సాగునీటి వల్ల, ఇసుక వల్ల కలిగింది. కనుక వీటి యాజమాన్యాన్ని రెవెన్యూ శాసనాలే నిర్ణయించాయి. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం నౌకాయోగ్యతతో నిమిత్తం లేకుండా నదులు, వాగులు, చెరువుల గర్భాలను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించింది. జమీందారుల, ఇనాందారుల సొత్తును మాత్రం మినహాయించింది. కార్వేటినగరం జమీందారీలో భాగమైన పుత్తూరు ప్రాంతానికి ఆ మినహాయింపే కీలకం. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం నదులు, వాగులు, లంకభూములు, రేవులతో సహా ఎస్టేట్లను ప్రభుత్వపరం చేయడంతో జమీందారీ హక్కు ముగిసింది.

పడవ నడవని నదిపై ప్రభుత్వానికి హక్కు లేదన్న వాదం ఈ సీమలో నిలవకపోవడానికి కారణం ఈ శాసనచరిత్రయే. ఇసుక తవ్వకాలపై నేటి ప్రభుత్వాధికారానికి మూలాన్ని కూడా ఇందులోనే వెదకవలసి ఉంటుంది.