జంపన్న వాగు నీళ్ళు ఎక్కడివి?

అన్నలారా, మేడారం పోయినోళ్ళందరం జంపన్న వాగుల మునిగినోళ్ళమే. ఇయ్యాల ఆ నీళ్ళ ముచ్చట చెప్పుకుందాం.

దాని పాత పేరు సంపెంగ వాగు. కరువొచ్చి పంటల్లేక పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయిండు. కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యం మీదికొచ్చింది. సమ్మక్క కొడుకు జంపన్న కొట్లాడి ఈ వాగులనే పాణం ఇడిసిండు, అందుకే ఆ పేరు. కోయ పెద్దల నోటి నుంచి వచ్చిన చరిత్ర ఇది. పంట పోయినా శిస్తు కట్టమంటే ఎట్లుంటదో మనకు ఒకరు చెప్పాల్నా?

జాతర రెండేండ్లకోసారి, మాఘ పున్నమికి. అప్పటికి వాగు సన్నబడుతది. నా చిన్నప్పుడు ఎడ్లబండి మీద పోతే, ఇసుకల చెలిమె తీసి చెంబుతోని పోసుకున్నం. ఇప్పుడు జాతరకు లక్నవరం చెరువు నీళ్ళు ఇడుస్తున్నరు. ఆ చెరువు కట్టించింది ఎవరనుకుంటున్నరు? కాకతీయులే! జంపన్న ఎవరితోని కొట్లాడిండో వాళ్ళ చెరువు నీళ్ళలనే మనం జంపన్న పేరు తలుచుకొని మునుగుతున్నం.

అదే నెలల లక్నవరం కింద యాసంగి వరికి తడి కావాలె. జాతరకు నీళ్ళియ్యొద్దని ఏ రైతూ అనడు, నేనూ అనను. కాకపోతే చెరువు నిండని యేడు ఎన్ని రోజులు ఇడుస్తరో ఆయకట్టోళ్ళకు నాట్లకు ముందే చెప్పాలె. నారు పోసినంక చెప్తే ఏం లాభం?