ఎండ పడ్డ పాయలు

బ్రౌన్ జుట్టుకి బ్లీచ్ పెట్టి, కాసేపాగి ఫాయిల్ విప్పి చూస్తే అనుకున్న బంగారు రంగు అక్కడ కనపడదు. ఇటుకపొడి రంగు ఉంటుంది. మళ్లీ మూసి ఇంకాసేపు ఉంచితే కమలాపండు తొక్క రంగు. ఇంకా ఓపిక పడితే పసుపు, ఆ తర్వాత అరటితొక్క లోపలి వైపుండే లేత పసుపు. ఈ మెట్లన్నీ ఎక్కాల్సిందే, దొడ్డిదారి లేదు. మన జుట్టులో మెలనిన్ రెండు రకాలు. నలుపు, గోధుమ రంగులిచ్చేది ఒకటి, ఎరుపు, పసుపు ఇచ్చేది ఇంకొకటి. బ్లీచ్ తగలగానే మొదటిది ముందు కరుగుతుంది, రెండోది మొండికేస్తుంది. ఆ మిగిలిపోయిన ఎరుపే మనకి కనిపించే నారింజ. పాయపాయగా రంగు తేల్చే హైలైట్స్ చరిత్రంతా ఈ నారింజని ఏం చేయాలన్న తర్జనభర్జనే అని నాకనిపిస్తుంది.

జుట్టు రంగు మార్చుకునే సరదా చాలా పాతది. మేకకొవ్వు, బూడిద కలిపి జుట్టుని ఎర్రబరిచే గాల్ జాతివాళ్ల పదార్థం గురించి రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సబ్బుకి తొలి ప్రస్తావనల్లో అదొకటి. రంగులు వేసీ వేసీ జుట్టంతా రాలగొట్టుకున్న ప్రియురాలిని రోమన్ కవి ఓవిడ్ ఏకంగా ఒక కవితలో చీవాట్లు పెట్టాడు. వాళ్ల గొడవంతా మొత్తం తల గురించి. వెలుగునీడల ఆటకి పేరుపడింది మాత్రం వెనిస్.

16వ శతాబ్దపు వెనిస్ ఇళ్ల కప్పుల మీద చెక్కతో కట్టిన చిన్న డాబాలుండేవి. వాటిని అల్తానా అంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడవాళ్లు అక్కడికెక్కి కూర్చునేవారు. తలకి సొలానా అనే గడ్డి టోపీ. దానికి నడినెత్తి ఉండదు, అంచు మాత్రమే ఉంటుంది. జుట్టుని ఆ కంతలోంచి పైకి లాగి అంచు మీద చుట్టూ పరిచేవారు. ముఖం నీడలో, జుట్టు ఎండలో. పుల్ల చివర స్పాంజి కట్టి, మందునీళ్లలో ముంచి, ఆరినప్పుడల్లా తడిపేవారు. ఈ దృశ్యాన్ని చెసారె వెచెల్లియో 1590లో అచ్చేసిన వేషధారణల పుస్తకంలో బొమ్మతో సహా చూడొచ్చు. పటిక, గంధకం, తేనె లాంటివి ఆ మందుల్లో పడేవి. అంత కష్టపడితే వచ్చేది తెల్లటి బంగారం కాదు, ఎరుపు కలిసిన బంగారం. వాళ్లకి కావలసిందీ అదే. వెనిస్ చిత్రకారుడు టిషియన్ బొమ్మల్లో ఆడవాళ్ల జుట్టు ఆ రంగులోనే మెరుస్తుంది, ఆ రంగుకి ఆయన పేరే స్థిరపడింది. అంటే నారింజని వెనిస్ తప్పుగా చూడలేదు, నెత్తిన పెట్టుకుంది.

1818లో ఫ్రెంచి రసాయనవేత్త లూయీ జాక్ తెనార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ కనిపెట్టాక ఎండ సీసాలోకి వచ్చేసింది. 1867 పారిస్ ప్రదర్శనలో దాన్ని జుట్టు రంగు తేల్చే మందుగా చూపించారు. 1907లో యూజీన్ షూలర్ అనే కుర్ర రసాయనవేత్త జుట్టు రంగు తయారు చేసి పారిస్ సెలూన్లకి అమ్మడం మొదలుపెట్టాడు. లోరియాల్ పుట్టింది అక్కడే. 1931లో ‘ప్లాటినం బ్లాండ్’ సినిమాతో హాలీవుడ్ తార జీన్ హార్లో జుట్టు ఒక పిచ్చిలా పాకింది. ఇక నారింజ శత్రువైపోయింది. దాన్ని దాటి తెలుపు దాకా వెళ్లడమే అందం. బ్రౌన్ అంటే ఇంకా బ్లాండ్ కాని జుట్టు, అంతే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. ఏ రంగు ఎవరికి నప్పుతుందన్న ప్రశ్నకి మంచి జవాబు మంగలి దుకాణంలోంచి కాకుండా తివాచీల కార్ఖానాలోంచి వచ్చింది. పారిస్ గోబెలిన్స్‌లో అద్దకానికి పెద్దగా ఉన్న మిషెల్ షెవ్రూల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది: నల్లదారం నల్లగా ఉండట్లేదని. దారం తీసి పరీక్షిస్తే రంగు శుభ్రంగా ఉంది. తప్పు పక్కనున్న దారాలది. నీలం, ఊదా పక్కన నేస్తే ఆ నలుపు వెలవెలబోతోంది. 1839లో ఆయన రాసిన పెద్ద పుస్తకంలో ఈ సూత్రాన్ని దుస్తులకీ వర్తింపజేసి, బంగారు జుట్టు వాళ్లకేది బాగుంటుంది, నల్లజుట్టు వాళ్లకేది బాగుంటుంది అని విడివిడిగా చర్చించాడు. రంగు దానంతటదిగా అందమూ కాదు, అనాకారీ కాదు. పక్కన ఏముందన్నదే లెక్క. చీరల కొట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. మడత విప్పిన చీరని అరచేతిలో పెట్టుకుని ఎవరూ బేరమాడరు, పైట భుజాన వేయించుకుని అద్దంలో ముఖం చూసుకుంటారు. హైలైట్స్ రంగు ఎంచేటప్పుడు మాత్రం ఈ తెలివి ఎటుపోతుందో, ఫోన్లో ఎవరి తలో చూపించి అదే కావాలంటాం.

1960లు, 70ల్లో ఫ్రాస్టింగ్ అని ఒకటి నడిచింది. చిల్లుల రబ్బరు టోపీ తలకి బిగించి, క్రోషే సూదితో ఒక్కో చిల్లులోంచి నాలుగేసి వెంట్రుకలు బయటికి లాగి బ్లీచ్ పూసేవారు. ప్రాణం లేచొచ్చేది. లేత జుట్టు మీద ఫరవాలేదు గానీ ముదురు బ్రౌన్ మీద నెరుపులా కనపడేది. తర్వాత తోకదువ్వెనతో పాయని సన్నగా నేసినట్టు విడదీసి రేకులో చుట్టే పద్ధతి వచ్చింది. పని శుభ్రంగా ఉంటుంది, కాకపోతే రెండు నెలలయ్యేసరికి మొదళ్ల దగ్గర గీత గీసినట్టు తెలిసిపోతుంది. దీనికి విరుగుడు 1970ల్లో పారిస్‌లోని కారితా సెలూన్ వాడుకలోకి తెచ్చిన బాలయాజ్. ఆ మాటకి ఫ్రెంచిలో ఊడ్వడం అని అర్థం. కుంచెతో పాయ పైభాగంలో తేలిగ్గా మొదలెట్టి కొసకొచ్చేసరికి చిక్కగా లాగుతారు. ఎండ కూడా అలాగే కొసల్నే ఎక్కువ కాలుస్తుంది కాబట్టి కృతకంగా ఉండదు.

బ్రౌన్ జుట్టు బ్రౌన్‌గానే ఉండి మెరవొచ్చని కోట్లమందికి చూపించింది మాత్రం టీవీ. 1990ల నడుమ ‘ఫ్రెండ్స్’లో జెనిఫర్ అనిస్టన్ తల చూసి జనం సెలూన్లకి పరుగెత్తారు. క్రిస్ మెక్‌మిలన్ చేసిన కత్తిరింపుకి పేరొచ్చింది గానీ, నా మటుకు నాకు అందులో సగం మహిమ ముఖం పక్కనున్న తేనెరంగు పాయలది.

ఎంపిక శాస్త్రం కూడా ఒకటి తయారైంది. కేరొల్ జాక్సన్ 1980లో రాసిన ‘కలర్ మీ బ్యూటిఫుల్’ మనుషుల్ని నాలుగు రుతువులుగా విడదీసింది. ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్లలో చాలామందిని ఒకే శీతకాలంలో కూర్చోబెట్టేసింది. మనింట్లోనే పసిమి ఛాయ, చామనఛాయ, నలుపు, ఎరుపు అని నాలుగు మాటలున్నప్పుడు ఒక్క రుతువు ఏ మూలకి? మణికట్టు నరాలు పచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా అని చూసి ఛాయ చెప్పే పరీక్షా మన చర్మం మీద సగంసార్లు తేలదు. అనుభవమున్న కలరిస్టులు పాటించేది ఇంకా సులువైనది: జుట్టు అసలు రంగుకి రెండు మూడు లెవెల్స్ (లేతదనపు మెట్లు) మించి పైకెళ్లకపోవడం. పసుపు పాలు ఎక్కువున్న చామనఛాయకి కారమెల్, తేనె, రాగి. గులాబీ పాలు కనపడే చర్మానికి కాస్త చల్లటి బేజ్. నారింజ మరీ అరిస్తే దాని ఎదురు రంగైన నీలం టోనర్ (పైపూత రంగు), పసుపు తేలితే ఊదా. ఇదంతా మళ్లీ షెవ్రూల్ బడే. కారమెల్, రాగి అన్నవి కూడా ఆ మొండి నారింజతో కుదిరిన రాజీలే.

మన వైపు కథ వేరు. నల్లజుట్టు ఎర్రబడితే నూనె లేదనో, తిండి లేదనో అనుకునేవాళ్లం. అదే కాలంలో తిరుమలలో మొక్కు తీర్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై, దేశాలు దాటి, రంగు కోల్పోయి కొత్త రంగు పూసుకుని యూరప్ సెలూన్లలో తేనెరంగు పాయలుగా వేలాడాయి. ఇక్కడి పార్లర్లలో బర్గండీ స్ట్రీక్స్ కాలం నడిచి, ఇప్పుడు బాలయాజ్ దగ్గరికొచ్చాం. ఫొటోల్లో కనపడని చిక్కు మనకొకటుంది, జడ. విరబోసుకుంటే అందంగా జారే లేత పాయలు మూడుపాయల జడలో పడితే చారలపాము అవుతాయి. అందుకే మా మేనకోడలు వెడల్పు పాయలొద్దని సన్నటివి, అదీ కారమెల్‌లో, వేయించుకుంది. ఆదివారం మా అమ్మ దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, నూనె గిన్నె పక్కన పెట్టుకుని, చెవి పక్కనున్న పాయ వేళ్లతో విడదీసి వెలుతురుకి పట్టుకుని చూసింది.

“ఏమిటే, ఇన్నాళ్లూ ఎండనపడి తిరిగావా?”

అది నవ్వాపుకుంటూ అవునంది. అమ్మ ఆ పాయకి ఇంకో గరిటెడు నూనె పట్టించింది.