చిగుళ్లు వాచే ఫిట్స్ మాత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ గుత్తితో ఒరిగేదేమీ లేదు. చాలాసార్లు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. మళ్లీ రాకుండా కాపాడేది మాత్ర. అలాంటి మాత్రల్లో పాతదీ, చవకైనదీ అయిన ఒకటి ఫెనిటాయిన్. మందుల చీటీ మీద ఎప్టాయిన్ అని కనిపించేది ఇదే.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త హైన్‌రిక్ బిల్ట్స్ 1908లో దీన్ని తయారుచేశాడు. ముప్పై ఏళ్లపాటు అది మూర్ఛకు పనికొస్తుందని ఎవరికీ తెలియలేదు. అప్పట్లో ఉన్నవి 1857 నాటి బ్రోమైడ్, 1912 నాటి ఫినోబార్బిటాల్. రెండూ మత్తెక్కించేవే. మత్తు లేకుండా మూర్ఛ ఆగదనే అనుకునేవారు. బోస్టన్‌లో నాడీ వైద్యులు ట్రేసీ పట్నమ్, హూస్టన్ మెరిట్ అలా అనుకోలేదు. పిల్లులకు కరెంటుతో ఫిట్స్ తెప్పించి, పార్క్ డేవిస్ కంపెనీ ఇచ్చిన రసాయనాలను పరీక్షించారు. మత్తెక్కించకుండా ఫిట్స్ ఆపగల మందుగా ఫెనిటాయిన్ తేలింది. 1938లో ఆ సంగతి ప్రకటించారు. మూర్ఛ ఉన్న పిల్లలు తరగతిలో తూగకుండా కూర్చోగలిగారంటే అది చిన్న విషయం కాదు.

మరుసటి ఏడాదికే చిగుళ్ల సంగతి బయటపడింది. కొందరికి చిగురు ఉబ్బి పళ్ల మీదికి పాకుతుంది, తోముకుంటే రక్తం వస్తుంది. నోరు శుభ్రంగా ఉంచుకుంటే వాపు తగ్గుతుంది. అసలు జాగ్రత్తపడాల్సింది మోతాదు దగ్గర. కాలేయం ఈ మందును ఒక హద్దు వరకే అరగదీయగలదు. ఆ హద్దు దాటాక మాత్ర కాస్త పెంచినా రక్తంలో మందు అమాంతం పెరుగుతుంది. కళ్లు అదురుతాయి, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. తాగొచ్చాడని ఇంట్లోవాళ్లు పొరబడే స్థితి అది. టీబీకిచ్చే ఐసోనియాజిడ్ తోడైనా ఇదే ముప్పు. మొదటి వారాల్లో జ్వరంతో దద్దుర్లు, నోటిపూత కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఒంట్లో ఫోలిక్ యాసిడ్‌నూ ఇది తగ్గిస్తుంది.  గర్భిణికి ఫోలిక్ యాసిడ్ మాత్ర మరీ అవసరం, ఎందుకంటే ఫెనిటాయిన్ కడుపులోని బిడ్డకూ హాని చేయగలదు. వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందుతో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడాలి.

చిగుళ్లు చూసి బెదిరి మాత్ర ఒక్కసారిగా మానేస్తే మాత్రం ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మార్చాల్సి వస్తే డాక్టర్లు లెవెటిరాసెటామ్ లాంటి కొత్త మందు మొదలుపెట్టి, పాతదాన్ని కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గిస్తారు.