ఎక్స్‌రే కవరు నుంచి కంప్యూటరు ఫైలు దాకా

సర్వీసు యావత్తూ ఫైళ్ళతో కాపురం చేసిన మనకు రిటైరయ్యాక చంకలో ఎక్స్‌రే కవరు చేరింది. ఆ కవరు చరిత్ర కొంత సభ్యమిత్రుల ముందుంచుతున్నాను.

1895 నవంబరులో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. తొలుత గాజు పలకలు, పిదప ఫిల్ములు వచ్చాయి. ఆనాటి నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకునేది. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ నేలమాళిగలో దాచిన ఫిల్ములు కాలి, విషవాయువులు మేడంతా కమ్మి 120 మందికి పైగా మరణించారు. రికార్డు గదిని చిన్నచూపు చూసే అధికారులకు ఈ సంగతి తెలియాలి.

1971లో లండన్‌లో తొలి రోగికి సి.టి. స్కాన్ తీశారు. దానితో బొమ్మ అంకెల్లోకి మారింది. కాని ఒక కంపెనీ యంత్రం తీసిన బొమ్మను మరో కంపెనీ యంత్రం చదవలేకపోయేది. 1983లో అమెరికాలోని రేడియాలజీ వైద్యులు, పరికరాల తయారీదార్లు కలిసి కమిటీ వేసుకున్నారు. 1985లో తొలి ప్రమాణం, 1993లో 'డైకామ్' పేరున కొత్త ప్రమాణం వెలువడ్డాయి.

మన ఆఫీసు భాషలో, ప్రతి బొమ్మకూ కవరింగు లెటరు లోపలే కుట్టేశారన్నమాట. రోగి పేరు, నంబరు, పుట్టిన తేదీ, తీసిన రోజు, అన్నీ బొమ్మతోనే వెళతాయి. ప్రతి పరీక్షకూ మరి దేనికీ ఉండని నంబరు ఒకటి. కరెంటు నంబరు లేని కాగితం గతి ఏమిటో మనకు తెలియనిదా! అయితే పేరు ఎక్కించేది మనిషే. ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక పడితే కంప్యూటరుకు ఇద్దరు రోగులు. పెన్షను కాగితాల్లో పేరు తప్పుపడి తిరిగినవారికి ఈ బాధ వివరించనక్కరలేదు. పాత బొమ్మ దొరక్క మళ్ళీ స్కాన్ తీయిస్తే పెన్షను డబ్బూ పోతుంది, ఒంటికి మరో మోతాదు రేడియేషనూ తగులుతుంది.

మన కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు ప్రకటించి 2016లో సవరించింది. బొమ్మలకు డైకామ్‌నే స్వీకరించింది. 2021 సెప్టెంబరు 27న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల 'ఆభా' నంబరు ఇస్తున్నారు. రికార్డు ఆసుపత్రి వద్దే ఉండి, రోగి అనుమతిస్తేనే మరొకరికి వెళ్ళే ఏర్పాటది.

నిరుడు నా నడుము స్కాన్‌ను వేరే ఊరి డాక్టరుగారు చూస్తానన్నారు. తీసినచోట రిపోర్టు కాగితం ఇచ్చి సరిపెట్టబోయారు. పట్టుబడితే సి.డి. ఇచ్చారు. మా ఇంటి కంప్యూటరుకు సి.డి. పెట్టే చోటే లేదు! చివరకు పెన్‌డ్రైవులో డైకామ్ ఫైళ్ళు పెట్టించుకున్నాను. వందల బొమ్మల్లో కొన్నిటినే ఫిల్ము మీద అచ్చువేస్తారు. అందుచేత మీరూ ఆ పేరు చెప్పే అడగండి, వచ్చేముందు కవరు మీద పేరు సరిచూసుకోండి.